అదే మోడల్, వేరే కంపెనీ

హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు ఎక్కడికిని పోలేదు. ఫోనుల అంగళ్ళు ఉన్నవి, బేరములు ఉన్నవి, భుజములు రాసికొనక నడువ వీలులేని ఆ సందులును ఉన్నవి. మొన్న ఒక పనిమీద అటు పోయి, చదువు చెప్పుకొని బ్రదికినవానికి సహజమగు దురభ్యాసముచేత కనబడిన బోర్డునెల్ల చదువుచు నడచుచుండగా, డిస్‌ప్లే మార్చుదుమనియు, బ్యాటరీ వేయుదుమనియు, గాజు అంటింతుమనియు, కవర్లు అమ్ముదుమనియు చెప్పు బోర్డులు కోకొల్లలుగ కనబడినవి గాని, ఒకప్పుడు ప్రతి దుకాణపు నొసటను వెలుగుచుండిన మాటలు, డౌన్‌లోడింగు, అన్‌లాకింగు, కాంటాక్ట్స్ కాపీ అనునవి, ఒక్కచోటనైనను కానరాలేదు. ఆ మాటలతోపాటు ఒక విద్యయే బజారు విడిచి పోయినదని అప్పుడు గాని నాకు తట్టలేదు.

ఏమా విద్య యందురా? ఒక ఫోనులోని పేర్లను, ఫోటోలను, పాటలను మరియొక ఫోనులోనికి గాని కంప్యూటరులోనికి గాని చేర్చుట; చెప్పుటకు ఇంతే. నేడు కొత్త ఫోను కొనినవారు పాత ఫోనును దాని ప్రక్కన పెట్టి, తెరమీది చదరపు గుర్తును దానికి చూపి, కాఫీ త్రాగి వచ్చునంతలో సర్వస్వమును అందులోనికి వచ్చి కూర్చుండును. ఆనాడు దానికొక తీగ కావలెను. ఆ తీగకు తగిన డ్రైవరు కావలెను. ఆ డ్రైవరునకు తగిన సాఫ్ట్‌వేరు కావలెను. ఈ మూడును కుదిరిన పిమ్మట, ఆ ఫోనును అమ్మిన నెట్‌వర్కు కంపెనీ దానిలో ఏ తలుపు మూసి ఏ తలుపు తెరచి ఉంచినదో ఎఱిగిన మనుష్యుడొకడు కావలెను. మొదటి మూడును డబ్బునకు దొరకెడివి. ఆ నాలుగవవాని కొరకే జనులు జగదీశ్ మార్కెట్టునకు పోవుచుండిరి.

*

నేను నమ్ముకొనిన దుకాణము మెట్ల క్రింది మలుపులో నుండెడిది. దుకాణమనుట కూడ కొంత గౌరవార్థమే. ఒక గాజుపెట్టె, దాని వెనుక ఒక స్టూలు, స్టూలునకు ఆనుకొని బొజ్జగల పాతకాలపు కంప్యూటరు తెర, క్రింద మూత తీసివేసిన సీపీయూ, సొరుగు తెరచినచో చిక్కుపడిన తీగల రాశి. యజమానిని అందరును భాయ్ అనెడివారు, నేనును అట్లే అనెడివాడను. అతడు నన్ను సార్ అనుచు, ఉర్దూ యాస కలిసిన తెలుగులో తాపీగ మాటలాడెడివాడు. ఏ సెట్టు చేతికిచ్చినను మొదట తెర చూచెడివాడు కాడు. వెనుక మూత ఊడదీసి, బ్యాటరీ తొలగించి, దాని క్రింద అంటించిన తెల్లకాగితమును వెలుగునకు పట్టి చదువుటతో అతని పని ప్రారంభమగుచుండెను.

“తెర అబద్ధం చెప్తది సార్. స్టిక్కర్ చెప్పదు” అనెడివాడు.

ఆ దుకాణపు శబ్దములు ఇప్పటికిని నా చెవిలో నున్నవి. తీగను కంప్యూటరునకు గ్రుచ్చగనే విండోస్ ఎక్స్‌పీ రెండు స్వరములు పలికెడిది, క్రిందినుండి పైకి. తీగ ఊడినచో మరల రెండు స్వరములే, పైనుండి క్రిందికి. సంగీతము తెలిసిన మా సహోద్యోగి ఒకరు ఇదియే ఆరోహణావరోహణముల సంగ్రహమని నవ్వెడివారు. భాయ్ తెరవంక చూడకయే, ఆరోహణ వినబడిన వెంటనే అవరోహణయు వినబడెనా, తీగ లోపల తెగినదని నిశ్చయించి దానిని అవతల పారవైచెడివాడు. ఆరోహణ వినబడి అటుపై ఏమియు జరుగకుండెనా, తప్పు తీగది కాదు, డ్రైవరుదని గ్రహించెడివాడు. ఏ స్వరమును వినబడకున్న మాత్రము ఫోను వంకకు తిరిగెడివాడు. నడుమ కరెంటు పోయి యూపీఎస్ కూత మొదలైనచో, జరుగుచున్న పనిని ఆపవలెనా, ముగియువరకు కాచుకొనవలెనా యనునది ధర్మసందేహమై కూర్చుండెడిది. ఫోనులోని పేర్లను చదువుచుండగా తీగ ఊడినను ప్రమాదము లేదు. ఫోనులోనికి సాఫ్ట్‌వేరును వ్రాయుచుండగా ఊడెనేని ఆ సెట్టు చాలవరకు మరల లేవదు. దానిని ‘డెడ్’ అనుట ఆ బజారు పరిభాష. చదువుటకును వ్రాయుటకును గల ఈ భేదమును నా విద్యార్థులలో పెక్కుమందికన్న భాయ్ దగ్గరి పదునాలుగేండ్ల కుఱ్ఱవాడు బాగుగ ఎఱుగును.

*

తీగల సంగతి కొంత విపులముగ చెప్పవలెను. ఏలయన ఒకే మొనగల తీగతో అన్ని ఫోనులకును పని జరుపుకొను నేటివారికి ఆ కష్టము ఊహకందదు. నోకియాకు పాప్-పోర్టు అను బల్లపరుపు నోరు. మోటరోలాకు మినీ యూఎస్‌బీ. సోనీ ఎరిక్సన్‌కు తనదే యగు మరియొక నోరు. శాంసంగు, ఎల్‌జీలకు మోడలు మారినప్పుడెల్ల ఒక కొత్త తీరు. అంతటితో పోలేదు. నోకియా తీగలలో సీఏ-42 అనునది యొకటి, డీకేయూ-2 అనునది యొకటి. రెండును ఆ పాప్-పోర్టు నోటిలోనే చక్కగ దూరును, కాని మొదటిది ఫోనులోని సీరియల్ మార్గముతో మాటలాడును, రెండవది నేరుగ యూఎస్‌బీతో మాటలాడును. దూరినంత మాత్రమున పలుకవలెనను నియమము లేదు.

బజారులో చవుకగ దొరకు ‘లోకల్’ సీఏ-42 తీగల మొనలో తఱచుగ ప్రొలిఫిక్ వారి పీఎల్-2303 అను చిప్పు గాని, దానికి నకలు గాని ఉండెడిది. యూఎస్‌బీ రంధ్రమును పాతకాలపు సీరియల్ పోర్టువలె కంప్యూటరునకు భ్రమింపజేయుట దాని పని. ఆ భ్రమలో పడిన కంప్యూటరు తీగకు కామ్-3 అనియో, కామ్-7 అనియో ఒక అంకెను ప్రసాదించును. నేడు ఒక రంధ్రమునను రేపు ప్రక్క రంధ్రమునను గ్రుచ్చినచో అంకె మారిపోవును; పాత అంకెనే పట్టుకొని వ్రేలాడు సాఫ్ట్‌వేరు ఫోను కనెక్టు కాలేదని మొగము చాటు చేయును. ఇందుకే భాయ్ తన సీపీయూ వెనుక ఒకానొక రంధ్రము చుట్టును ఎఱ్ఱని టేపు అంటించి, సీరియల్ తీగలను అందులో తప్ప మరెచ్చటను గ్రుచ్చరాదని కుఱ్ఱవానిని శాసించియుండెను. చూచినవారు అదేదో దిష్టి తీయుటకు అంటించినదనుకొనెడివారు.

సాఫ్ట్‌వేరును ముందుగ ఎక్కించి, తీగ పెట్టుమని అది అడిగిన పిమ్మటనే తీగ పెట్టవలెను. ఇది ఆ విద్యలో ప్రథమసూత్రము. ఆతురపడి తీగను ముందుగ గ్రుచ్చినవాని కంప్యూటరు తనకు తోచిన తప్పు డ్రైవరును దానికి అంటగట్టి, డివైస్ మేనేజరులో పసుపుపచ్చని ఆశ్చర్యార్థకముతో దర్శనమిచ్చును. ఇంటివద్ద ఈ పని చేసికొన బూని, ఆ పసుపుగుర్తును చూచి బెదరి వచ్చినవారే భాయ్ ఖాతాదారులలో సగము. తరువాతి కాలమున ఆ చిప్పుల కంపెనీయే నకలు చిప్పులను గుర్తించి పనిచేయ నిరాకరించు డ్రైవరులను విడుదల చేయుటతో, నిన్నటివరకు పలికిన తీగ నేడు ‘కోడ్ 10’ అను రెండు మాటలతో మూగవోయినది. భాయ్ పాత డ్రైవరును ఒక సీడీలో భద్రపరచి, దానిమీద తనకు మాత్రమే అర్థమగు ఒక గీత గీసికొని, ఎవరికిని ఎరువు ఇచ్చెడివాడు కాడు.

*

ఇంతవరకును యంత్రధర్మము. తీగ మార్చి, రంధ్రము మార్చి, డ్రైవరు మార్చి చూచిన ఎవరికైనను కొంత ఓపికతో పట్టుబడునదే. అసలు చిక్కు దీని తరువాత మొదలగును.

ఒకే తోట మామిడికాయ నాలుగిండ్ల జాడీలలో నాలుగు రుచుల ఆవకాయ యైనట్లు, ఒకే కర్మాగారమున పుట్టిన ఒకే సెట్టు, ఏ నెట్‌వర్కు కంపెనీ చేతిమీదుగ అమ్ముడుపోవునో దానినిబట్టి లోపల మారిపోవుచుండెను. పైరూపు అదే, మీటలు అవే, మోడలు సంఖ్య యదే. లోపల తెరమీది తొలిబొమ్మ వేరు. నడుమ మీట నొక్కినచో ఒకదానిలో పేర్ల పట్టిక తెరచుకొనును, మరియొకదానిలో కంపెనీవారి అంగడి తెరచుకొని, గమనించులోపల జేబునుండి పైకము పోవును. ఒకదానిలో మనమెక్కించిన పాటను రింగుటోనుగ పెట్టుకొనవచ్చును. మరియొకదానిలో ఆ వరుసయే మాయమై యుండును, ఏలయన రింగుటోనులు అమ్ముట కంపెనీకి ఆదాయమార్గము, దానికి తీగయు బ్లూటూతును శత్రువులు. ఫోను చేయువాడు ఇచ్చిన సౌకర్యమును ఫోను అమ్మువాడు తీసివేయుట వినుటకు విడ్డూరముగ నున్నను, ఆ వ్యాపారమున కది పునాది.

నోకియా సెట్టులో *#0000# అని నొక్కినచో సాఫ్ట్‌వేరు సంఖ్యయు, దాని తేదీయు, ఆర్ఎం వంటి అక్షరములతో మొదలగు జాతిసంజ్ఞయు వరుసగ కనబడెడివి. తెలియనివారు రెండు సెట్టులలో జాతిసంజ్ఞ సమానముగ నున్నదిగదా, ఒకదానికి కుదిరిన వైద్యము రెండవదానికేల కుదురదని వాదించెడివారు. భాయ్ వాదింపక, బ్యాటరీ క్రింది కాగితము మీది ఏడంకెల ప్రాడక్టు కోడును చూపెడివాడు. ఆ సెట్టు ఏ దేశమునకు, ఏ కంపెనీకి, ఏ రంగులో, ఏ భాషల కూర్పుతో బయలుదేరినదో ఆ ఏడంకెలలో నిక్షిప్తము. నోకియావారి కొత్త సాఫ్ట్‌వేరు కూడ ఈ కోడును చూచియే వచ్చెడిది: ఏ కంపెనీకిని చెందని స్వతంత్రపు సెట్టుకు ముందుగ, కంపెనీ ముద్రగల సెట్టుకు ఆ కంపెనీ తీరికగ పరీక్షించి తల ఊపిన పిమ్మట. ఈ నడిమి కాలములో ఒక కవలసెట్టు నోకియావారి కంప్యూటరు సాఫ్ట్‌వేరగు పీసీ సూట్‌తో పలుకుచు, రెండవది పలుకకుండుట సామాన్యమయ్యెను. ఇది తెలియక తీగలు మార్చి మార్చి అలసినవారిని నేను పెక్కుమందిని చూచితిని.

భాయ్ నిర్ణయపద్ధతి నాకు శాస్త్రీయముగ తోచెడిది. అనుమానపు తీగను పలుకు ఫోనుకు, పలుకు తీగను అనుమానపు ఫోనుకు పెట్టి చూచుట మొదటిది. అటుపై సొరుగులోనుండి అదే మోడలుకు చెందిన, వేరు కంపెనీ ముద్ర గల సెట్టునొకదానిని తీసి, అదే తీగతో, అదే రంధ్రమున, అదే సాఫ్ట్‌వేరుతో కలిపెడివాడు. ఆ సెట్టు పలికి ఖాతాదారుని సెట్టు పలుకకున్నచో ఇక సందేహమునకు తావు లేదు. ఒక్కటి తప్ప తక్కినవన్నియు సమానముగ నుంచి ఆ ఒక్కదానిని మార్చి చూడవలెనని కళాశాలలో తర్కపాఠముగ చెప్పించుకొనినవారు కూడ నిత్యజీవితమున ఆ నియమమును పాటింపరు. ఈతడు దానికి ఏ పేరును పెట్టకయే దినమునకు పదిమార్లు పాటించుచుండెను.

*

ఆ రోజులలో అమెరికానుండి వచ్చు బంధువుల పెట్టెలలో చాక్లెట్లతోపాటు ఫోనులు దిగెడివి. మోటరోలా రేజర్ అను పలుచని మడతసెట్టు ఆ తరమువారి కన్నుగవను దోచుకొనినది. కాని ఒకే తీరున మెఱయు ఆ సెట్టులలో వీ3 అనునది సిమ్ము గలది, వీ3సీ అనునది సిమ్ము లేని సీడీఎంఏ అను వేరొక నెట్‌వర్కు పద్ధతిది. మొదటిది కంపెనీ తాళము విప్పించినచో ఇచ్చట పలుకును. రెండవది ఇక్కడ కెమెరాగ తప్ప పనికిరాదు. అది తెలిసికొనక కొని తెచ్చి, అత్తవారింట బహూకరించి, నాలుక కరచుకొనిన అల్లుళ్ళ గాథలు హైదరాబాదులో ఎన్నియో.

మా మేనల్లుడు తన చెల్లెలి నిశ్చితార్థమునకు వచ్చినప్పుడు తెచ్చిన మడతసెట్టును అట్లే కెమెరాగ వాడి, ఆ ఫోటోలను వాళ్ళమ్మ ఫోనులోనికి పంపబోయి విఫలుడయ్యెను.

“మావయ్యా, బ్లూటూత్‌లో హెడ్‌సెట్ బాగానే పలుకుతోంది. ఫోటో పంపుదామంటే అసలు ఆ మాటే మెనూలో లేదు. మా రూమ్మేట్ దగ్గర ఇదే ఫోన్ వేరే కంపెనీది ఉంది, అందులో మాత్రం ఉంది” అని వాడు తెల్లబోయినాడు.

భాయ్ దానిని విని చిరునవ్వు నవ్వి, “హెడ్‌సెట్ తలుపు వేరే, ఫోటో తలుపు వేరే సార్. ఒకటి తెరిచి పెట్టిండు, ఒకటి మూసిండు. గోడ అయితే లేదు” అనెను.

నిజమే. బ్లూటూతు అనునది ఒకే శక్తివలె కనబడినను, మాట చేరవేయు పద్ధతి యొకటి, వస్తువు చేరవేయు పద్ధతి మరియొకటి. ఈ రెండవదానికి ఆధారమైన ఒబెక్స్ అను ఒడంబడిక మొదట ఇన్‌ఫ్రారెడ్ సంబంధము కొరకు పుట్టి, తరువాత బ్లూటూతులోనికి వచ్చినది. దానిని మాత్రమే పెరికివేయుట కంపెనీలకు సులభము. ఇది అమెరికాలో న్యాయస్థానము మెట్లెక్కిన విషయము కూడను. 2004లో వెరైజన్ కంపెనీ అమ్మిన మోటరోలా వీ710లో హెడ్‌సెట్టునకు అవకాశముంచి ఫైళ్ళు పంపు మార్గమును మూసివేయగా, కొనినవారు మరుసటి యేట కాలిఫోర్నియాలో సామూహికముగ దావా వేసిరి. తుదకు రాజీ కుదిరినది. ఆ సెట్టులో ట్రాన్స్‌ఫ్లాష్ కార్డుకు చోటున్నది గనుక ఫోటోను కార్డుమీదికి మార్చి కార్డునే బయటికి తీయవచ్చునని తెలిసినవారు దావా తీర్పునకు కాచుకొనకయే తమ పని జరుపుకొనిరి.

మా వాని సెట్టులో కార్డు లేదు. భాయ్ అప్పుడు బిట్‌పిమ్ అను సాధనమును తెరచెను. రోజర్ బిన్స్ అను ప్రోగ్రామరు ఎల్‌జీ వీఎక్స్4400 అను సెట్టుకొరకు పైథాన్ భాషలో వ్రాయ మొదలిడి, ఎవరైనను చూచి దిద్దుకొనవచ్చునని లోకమునకు ఉచితముగ విడిచిపెట్టిన ఉపకారమది. అందులో మొదట ఫోను పేరును ఎన్నుకొనవలెను. ఆ పట్టికయే కంపెనీల వంశవృక్షమువలె నుండెడిది. ఎల్‌జీ సెట్టులలో వీఎక్స్ అనగా వెరైజనుది, ఎల్ఎక్స్ అనగా స్ప్రింటుది, ఏఎక్స్ అనగా ఆల్‌టెల్‌ది. మోటరోలా సెట్టులు కొన్ని చివర ఒక ‘ఎం’ అక్షరపు తేడాతో రెండుమార్లు కనబడెడివి. తప్పుపేరు ఎన్నుకొనినచో పేర్లపట్టిక ఉండవలసిన చోట అది లేక, లేనిచోట వెదకి, సాధనము చేతులెత్తివేయును. ఏ పేరును సరిపడనివారి కొరకు ‘ఇతర సీడీఎంఏ ఫోను’ అని యొక అనాథాశ్రమమును అందులో ఏర్పరచియుండిరి. దానిని ఎన్నుకొనినచో ఫోను అర్థము కాకున్నను దానిలోని ఫైళ్ళ చెట్టు మాత్రము కొమ్మలు విప్పుకొని కనబడును.

భాయ్ ముందుగ చేసినది ఫోనులోనికి ఏదియు వ్రాయరాదను గడిలో టిక్కు పెట్టుట. పిమ్మట ఆశ్రమద్వారమున ప్రవేశించి, అర్థములేని పేర్ల సంచులను ఒక్కొక్కటిగ తెరచి చూచుచు, పరిమాణమునుబట్టి ఇవి ఫోటోలై యుండవలెనని ఊహించి, వానిని కంప్యూటరుమీదికి లాగెను. ఏ కంపెనీ ముద్రయు అడ్డు రాలేదు. మెనూలో ‘పంపు’ అను మాటను తీసివేసినవారు లోపలి సంచులను దాచలేదు. మా వాడు అది చూచి, ఇంజనీరింగు చదివిన తనకిది తెలియకుండుట కొంత చిన్నతనముగ భావించినట్లున్నది, ఇంటికి వచ్చువరకు మాటలాడలేదు.

*

అమెరికా ఫోనుల ముచ్చట వినోదము కొరకే. భాయ్ దుకాణమునకు అన్నము పెట్టినది మన సీడీఎంఏ.

2002 డిసెంబరు 28న రిలయన్సువారి సేవ ప్రారంభమగుటయు, మరుసటి వానాకాలమున 501 రూపాయలు కట్టినవారికి సెట్టు చేతికిచ్చు పథకము వచ్చుటయు, అంతవరకు ఫోను తమకు కాదనుకొనిన కిరాణా వ్యాపారుల చేతులలోనికిని ఆటో నడుపువారి చేతులలోనికిని అది చేరుటయు వెంటవెంటనే జరిగినవి. ఆ తొలినాటి సెట్టులలో సిమ్ము లేదు. నంబరు ఫోనులోనే ముద్రితము. కనుక పేర్లన్నియు ఆ సెట్టుతోనే పుట్టి ఆ సెట్టుతోనే పోవలెను. ఒకే ఎల్‌జీ ఇంట పుట్టిన సెట్టులే యైనను రిలయన్సువానిలో జావా, టాటా ఇండికామ్‌వానిలో బ్రూ అను వేర్వేరు ఏర్పాటులు. ఒకదాని నాడి తెలిసినవానికి రెండవదాని నాడి దొరకదు. సెట్టునకు తీగ తగిలించి #777 కు డయలు చేసి ఇంటర్నెట్టు వాడుకొనినవారు కూడ అదే తీగతో పేర్లను బయటికి తీయవచ్చునని ఎఱుగరు.

2011 జనవరి 20న నంబరు మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను సదుపాయము దేశమంతట అమలులోనికి వచ్చినది. నంబరు సీడీఎంఏనుండి సిమ్ముగల జీఎస్ఎంకు నడచిపోయెను, పేర్లు నడువలేదు. ఆ వేసవి భాయ్ గాజుపెట్టె ముందర నిలుచుటకు చోటు లేకుండెను.

ఫోనునుండి తీసిన పేర్లను సిమ్మునకు ఎక్కించుమని అడుగువారే అధికులు. ఆనాటి పెక్కు సిమ్ములలో పేరునకు ఇచ్చిన చోటు ఇంచుమించు 14 ఇంగ్లీషు అక్షరములు. తెలుగువారి పేర్లను ఎఱిగినవారెవ్వరును ఈ సంఖ్యను నిర్ణయించి యుండరు. శ్రీనివాసరావు అని వ్రాయుటకే 12 అక్షరములు, ఒక ఖాళీ, మిగిలినది ఒక్క అక్షరము. ఆ చివరి ‘బి’ బాబాయియా, బావగారా, బ్యాంకు మేనేజరా? పలికిన కంఠమును విని బంధుత్వమును నిర్ణయించుకొనవలసిన దుర్గతి కొన్నాళ్ళు ఇంటింటను ఏర్పడినది. బావగారిని ‘ఏం బాబాయ్’ అని పలుకరించినవారు మాకు తెలిసియు కలరు.

కొందరు బుద్ధిమంతులు పేర్లను ఎక్సెలులో చూచుకొని సరిదిద్దుకొందుమని ఫైలు పట్టుకొని ఇంటికి పోయెడివారు. మా వీధి షామియానా వ్యాపారి ఒకరు అట్లే చేసి, భద్రపరచి మరునాడు తెచ్చెను. 91 తో మొదలగు పన్నెండంకెల నంబరును ఎక్సెలు ఒక మహాసంఖ్యగ తలచి 9.19ఇ+11 అని సంక్షేపించును. ఆ రూపముననే భద్రపరచినచో వెనుకటి అంకెలు శాశ్వతముగ పోవును. ఆయన పట్టికలోని వంటవారు, సన్నాయివారు, పూలవారు, పురోహితులు అందరును ఒకే నంబరు గలవారైరి. భాయ్ ముందురోజు ఫైలును చెరపకయుంచినాడు గనుక సరిపోయినది. ప్రతివాని ఫైలును కొన్నాళ్ళు ఉంచుకొనుట అతని అలవాటు, దీనిలోని మంచిచెడ్డలు ముందు చెప్పెదను.

తెలుగులోనే పేర్లు వ్రాసికొనిన అభిమానధనులకు మరియొక పరీక్ష. వీకార్డు అను ఫైలులో తెలుగు అక్షరములు నేరుగ కాక సంకేతములుగ మారి నిలుచుట కద్దు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమునకు మూడేసి బైట్లు. మొదటి రెండును ఇ0 బి0 గాని, ఇ0 బి1 గాని. పుచ్చుకొను ఫోనునకు ఆ సంకేతము విప్పుట తెలియకున్నచో, అమ్మ అని యున్నచోట సమానచిహ్నములును ఇ0లును బి0లును బారులు తీరును. భాయ్‌కి తెలుగు చదువ రాదు. కాని ఆ బారును చూడగనే “ఇది తెలుగు సార్, హిందీ అయితే ఇ0 ఏ4 వస్తది” అనెడివాడు. నేను తెలుగు చెప్పి జీతము తీసికొనిన యన్నియేండ్లలో మన లిపిని ఈ కోణమునుండి గుర్తించినవానిని మరియొకనిని చూడలేదు.

*

ఈ విద్యను నేను పొగడుచుంటినని తలపవలదు. దానిలో చీకటికోణములు కలవు. ఇంటిల్లిపాది ఫోటోలును, గుట్టుమాటలును, వైద్యుల నంబరులును, అప్పులవారి నంబరులును అపరిచితుని కంప్యూటరులో రాత్రులు నిదురించుట ఏమంత సుఖము? భాయ్ స్త్రీల ఫోనులు వచ్చినప్పుడు తెరను వారివైపునకు తిప్పి, ఫోటోల సంచిని తెరవకయే మొత్తముగ లాగెడివాడు. అది అతని స్వభావము. ప్రతి అంగడివాడును అట్టివాడని చెప్పజాలను. అట్టివారు కానివారి కథలు ఆ సందులలో వినబడెడివి. పాటలు ఎక్కించు వ్యాపారము సంగతి చెప్పనే అక్కరలేదు, చట్టము దానివైపు చూచినచో ఆ బజారున దీపము వెలుగదు.

పోయిన ఫోనుతో పేర్లు పోవుట ఇప్పుడు దాదాపు లేదు. ఆండ్రాయిడు వచ్చి పేర్లను గూగుల్ ఖాతాకు ముడిపెట్టుటతో సగము పని తీరినది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను చవుక చేయుటతో పాటలను మోసుకొనుటయే అక్కరలేకపోయినది. రిలయన్సు సీడీఎంఏయు మూతపడినది; అమెరికాలో వెరైజన్ 2022 చివరన తన సీడీఎంఏను ఆర్పివేసినది. బిట్‌పిమ్ చివరి కూర్పు 2010లోనే వెలువడి, ఆ మీదట దిద్దువారు లేక నిలిచిపోయెను. ఈ లెక్కలో లాభము వైపు త్రాసు బరువుగ మొగ్గుచున్నది. మా అక్కయ్య ఫోనును రైలులో పోగొట్టుకొని, సాయంకాలమునకే కొత్తదానిలో తన బంధువర్గమునంతయు చూచుకొని కన్నీరు తుడుచుకొనినప్పుడు, నాకు పాతకాలము మీద మోజు కొంత తగ్గిన మాట వాస్తవము.

అయినను ఒక్కటి పోయినది. ఆనాడు ఫోటో ఎక్కడున్నదని అడిగినచో ఫోనులోననియో, కార్డులోననియో, భాయ్ ఇచ్చిన సీడీలోననియో జవాబు చెప్పగలిగెడివారము. నేడు అదే ప్రశ్న మా ఇంట వేసినచో ఇంజనీర్లు కూడ ఆకాశమువంక చూతురు. అడ్డుగోడలును పోలేదు, కట్టువారు మారిరి. నెట్‌వర్కు కంపెనీవాడు కట్టిన గోడను అదే సెట్టుకు చెందిన రెండవ ముద్రతో పోల్చి వ్రేలితో చూపవచ్చును. ఇప్పటి గోడకు పోలిక దొరకదు. 2021లో ఐఫోనునుండి ఆండ్రాయిడునకు వాట్సాప్ సంభాషణలను తీసికొనిపోవుటకు దారి తెరచినప్పుడు, అది మొదట శాంసంగు ఫోనులకు మాత్రమే; పిమ్మట గూగుల్ పిక్సెల్‌కును, ఆండ్రాయిడు 12 గల కొత్త ఫోనులకును వచ్చినది. దానికిని అప్పుడు తీగ కావలసియుండెను, ఒక మొన లైట్నింగు, ఒక మొన యూఎస్‌బీ-సీ. కొత్త ఫోనును అప్పటికే వాడుకలో పెట్టినచో దానిని మరల మొదటి స్థితికి తుడిచివేసి గాని ఆ పని జరుగకుండెను. మా కోడలు ఈ మూడు నియమములును చదివి, ఏది యంత్రధర్మము, ఏది కంపెనీ నిర్ణయము అని నన్నడిగినది. చెప్పగలవారు నాకు ఒక్కరే తోచిరి.

భాయ్ ఇప్పుడు గాజులు అంటించుచున్నాడు. రాబడి మునుపటికన్న మెరుగు. ఎఱ్ఱ టేపుగల పాత సీపీయూను ఇంటర్నెట్టునకు తగిలింపక మేజా క్రింద ఉంచినాడు. పోయినవారి పాతసెట్టులను పట్టుకొని, అందులోని ఫోటోలో, ఒక కంఠధ్వని రికార్డో కావలెనని నెలకొకరో ఇద్దరో నేటికిని వత్తురట. సీఏ-42 తీగలు కొత్తవి దొరకనందున ఉన్నవానినే అతుకులు వేసికొనుచున్నాడు. ఆ పనికి రుసుము మాత్రము బాగుగ పెంచినాడు, బేరమాడుటకును ఒప్పుకొనుటలేదు.